బల్ల మీద బాగానే నడిచిన కూలర్

అమీర్‌పేటకు హార్డ్‌వేర్ పని నేర్చుకుందామని వచ్చే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్ దొరికిన వారానికే ఎవరో ఒకరు నా పేరు చెబుతారు కాబోలు, వచ్చి కూర్చుని "మేడమ్, ఏ కోర్సు చేస్తే మంచిది?" అని అడుగుతారు. కోర్సుల సంగతి నాకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. నేను దాదాపు ముప్పై ఏళ్ళు కంప్యూటర్లు విప్పి బిగించాను. మొదట అమీర్‌పేటలో ఒక ఇరుకు దుకాణంలో, తర్వాత పంజాగుట్టలో ఒక సర్వీస్ సెంటర్లో. సన్న స్క్రూలు రెండేసి కనబడటం మొదలయ్యాక, పోయిన ఏడాది మానేశాను.

నాకు పని వచ్చు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఆడమనిషి చేతిలో స్క్రూడ్రైవర్ చూసి "సార్ లేడా?" అని అడిగినవాళ్ళే తర్వాత తర్వాత "అక్కా, నువ్వే చూడాలె" అనే దాకా వచ్చారు. రాజమణక్క బల్ల మీద చేసిన పని తిరిగి రాదని మా సెంటర్లో ఒక మాట ఉండేది. ఆ మాట మొదట ఎవరన్నారో గాని, ఎక్కువసార్లు అన్నది మాత్రం నేనే. ఇప్పుడు రాస్తున్నది ఆ గొప్ప గురించే. దాని వల్ల ఒక మంచి పనివాడి పరువు పోయింది, కొద్దిలో నౌకరీ కూడా పోయేది.

ముందు వేడి సంగతి

పొగ వచ్చో, మంట వచ్చో రిపేరుకు వచ్చే మిషన్లు చాలా తక్కువ. ఎక్కువగా "ఊకూకె బంద్ అయితుంది" అని వస్తాయి. తెచ్చినవాడు వైరస్ అంటాడు, వాళ్ళ బావమరిది కరెంటు అంటాడు, పక్కింటాయన ఏకంగా కొత్తది కొనమంటాడు. నేను ఎవరి మాటా వినేదాన్ని కాదు. ముందు వేడి చూసేదాన్ని.

ప్రాసెసర్ లోపల అసలు పని చేసేది వేలిగోరంత ముక్క. పని పెరిగిన కొద్దీ అది కాగుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు లాగి గాలిలోకి వదలకపోతే, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి మిషన్ ఆగిపోతుంది. ఆగిపోవడం దాని జాగ్రత్త. అసలు జబ్బు వేరే చోట ఉంటుంది. ఇది అర్థం కానివాళ్ళు మదర్‌బోర్డులు మార్చుకుంటూ పోతారు.

వేడిని లాగే సామాను పేరు కూలర్. ఎండాకాలం కిటికీలో పెట్టుకునే గడ్డి కూలర్ కాదు, ప్రాసెసర్ నెత్తిన కూర్చునే కూలర్. ఇందులో రెండు రకాలు. మొదటిది ఉత్త అల్యూమినియం దిమ్మ, దాని మీద ఒక ఫ్యాన్. రెండోదానికి రాగి గొట్టాలుంటాయి. ఆ గొట్టాలు ప్రాసెసర్ మీద మొదలై, జానెడు ఎత్తు లేచి, పలచని రేకుల దొంతర లోంచి పోతాయి. వేడి గొట్టాల్లోంచి రేకులకు చేరితే, ఫ్యాన్ గాలి దాన్ని ఊడ్చుకుపోతుంది. ఈ గొట్టాలనే మేం హీట్ పైపులంటాం.

సీటీ లేని కుక్కర్

హీట్ పైపు అంటే గట్టి రాగి కడ్డీ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అవి కొత్తగా వచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి దుకాణం ఓనర్ ఖాదర్ భాయ్. ఒకరోజు ఒక కూలర్ పైపు పక్కన ఉన్న కెపాసిటర్‌కు అడ్డం వస్తోంది. కాస్త వంచుదామని గ్యాస్ మంట పట్టాను. రాగి కదా, కాలిస్తే మెత్తబడుతుందని నా తెలివి. అర నిమిషం గడిచిందో లేదో 'ఠప్' అని పేలి, ముక్క ఎగిరి గోడ గడియారానికి తగిలింది. ఖాదర్ భాయ్ పరుగెత్తుకొచ్చి ముందు నా కళ్ళు చూశాడు, ఆ తర్వాతే తిట్టాడు.

"అరె అమ్మా! గది పైపనుకున్నవా? చిన్న కుక్కర్ అది. సీటీ లేని కుక్కర్!"

అంటే ఆవిరి పోవడానికి విజిల్ లేని కుక్కరని. తిట్టి ఊరుకుంటే నేనేమీ నేర్చుకునేదాన్ని కాదు. పాత కూలరొకటి, ఇనుప రంపం ఒకటి నా ముందు పడేసి "కొయ్యి, లోపలేమున్నదో నీ కండ్లతోని చూడు" అన్నాడు. పని నేర్పేవాడంటే అలా ఉండాలి. తర్వాత నేను చూసిన ఓనర్లలో తిట్టడం వచ్చినవాళ్ళు చాలామంది. రంపం చేతికిచ్చినవాడు ఆయన ఒక్కడే.

కోశాను. నీళ్ళు కారుతాయనుకుంటే చుక్క కూడా రాలేదు. లోపల చెమ్మ మాత్రమే ఉంది. గోడంతా ఎర్రటి ఇసుక అంటించినట్టు గరుకుగా ఉంది. ఇంకో చవక రకం పైపు కోస్తే అందులో ఆ గరుకు లేదు, పొడుగునా సన్న చారలు గీసి ఉన్నాయి. అప్పుడు ఖాదర్ భాయ్ చెప్పాడు. పైపులో గాలి తీసేస్తారు. నాలుగు చుక్కల నీళ్ళు పోసి రెండు చివరలూ మూసేస్తారు. గాలి లేనిచోట నీళ్ళు మరగడానికి పెద్ద మంట అక్కర్లేదు, ప్రాసెసర్ వెచ్చబడితే చాలు. మరిగిన నీళ్ళు ఆవిరై చల్లగా ఉన్న రేకుల వైపు పరుగెడతాయి. అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టినట్టు అక్కడ మళ్ళీ నీళ్ళవుతాయి. అలా అవుతూ, మోసుకొచ్చిన వేడిని రేకులకు ఇచ్చేస్తాయి. ఆ నీళ్ళు మళ్ళీ ప్రాసెసర్ దగ్గరికి తిరిగి రావాలి. ఆ గరుకూ, ఆ చారలూ ఉన్నది అందుకే. నీళ్ళు వాటిని పట్టుకుని పాకుతూ వెనక్కి వస్తాయి.

పాకడం అనగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మాది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. అమ్మ నూలు చిలపలకు, అంటే చుట్టిన నూలు కట్టలకు, రంగు వేసేది. రంగు గిన్నెలో చిలప చివర మునిగితే చాలు, రంగు దానంతట అదే పోగుల వెంట పైకి పాకేది. అలా పాకకుండా ఉండాలనే మావాళ్ళు సైకిల్ ట్యూబు ముక్కలతో నూలుకు గట్టిగా కట్లు కడతారు. అయితే కట్టు లేకపోయినా రంగు ఎంతో దూరం పోయేది కాదు. బెత్తెడు ఎక్కి ఆగిపోయేది. ముతక నూలైతే అంత కూడా ఎక్కేది కాదు. అదే చిలపను కిందికి వేలాడదీస్తే రంగు బొటబొటా చివరి దాకా దిగేది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఇదంతా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఈ బెత్తెడు సంగతి మీరు గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

వెంకటేశం మిషన్

ఇది ఈ మధ్య కాలం సంగతే. నేను పంజాగుట్ట సెంటర్లో పెద్ద బల్ల చూసుకుంటున్నాను. యూసుఫ్‌గూడ నుంచి వెంకటేశం అని ఒకతను వచ్చాడు. ఆయనా చేనేత ఇంటివాడే. మగ్గం ఎక్కడు గాని, మగ్గాలకు కావలసిన చీర డిజైన్లు కంప్యూటర్లో గీసి ఊళ్ళకు పంపుతాడు. ఏ పోగు ఎక్కడ ఏ రంగులో ఉండాలో గళ్ళు గళ్ళుగా వేయాలి. పెద్ద కొంగు డిజైన్ తయారయ్యేటప్పుడు మిషన్ గంటసేపు ఏకబిగిన పని చేస్తుంది. అది పాత మిషన్. దాని మీద పైపులు లేని అల్యూమినియం దిమ్మ కూలర్.

"అక్కా, పిండి గిర్నీ లెక్క అరుస్తుంది. ఇంట్ల ఎవ్వలకు నిద్ర లేదు. జర సప్పుడు తగ్గించు, వేడి సుత తగ్గించు" అన్నాడు.

ఆ ప్రాసెసర్‌కు సరిపోయే కొత్త కూలర్లు బజారులో దొరకడం ఎప్పుడో మానేశాయి. మా పాత సామాను డబ్బాలో వేరే రకం మిషన్ నుంచి తీసిన నాలుగు పైపుల కూలర్ ఒకటి ఉంది. దాన్ని దీనికి పట్టిద్దామన్నాను. ఇలాంటి పనంటే నాకు ప్రాణం. కాళ్ళ రంధ్రాలు కలవకపోతే ఉక్కు పట్టీ కోసి, రంధ్రాలు వేసి, కొత్త కాళ్ళు చేశాను. ర్యామ్ కార్డులకు తగులుతున్న చోట రేకుల మూల కత్తిరించాను. పైపు జోలికి మాత్రం పోలేదు. రేకు వంచవచ్చు, కోయవచ్చు, పైపును ముట్టుకోకూడదు. ఒక్క నొక్కు పడితే లోపలి దారి మూసుకుపోతుంది. ఫ్యాన్ వణుకు కూలర్‌కు పాకకుండా, మా ఊళ్ళో నూలుకు కట్టే సైకిల్ ట్యూబునే ముక్కలు చేసి మధ్యలో పెట్టాను. దానికి నేనే మురిసిపోయాను.

బిగించే పని యాదగిరికి ఇచ్చాను. యాదగిరి అప్పటికి ఆరేళ్ళుగా నా పక్క బల్ల మీద పని చేస్తున్నాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మాట తక్కువ, చేయి నెమ్మది. కూలర్ అడుగును అద్దం మీద సన్న ఉప్పుకాగితం పరిచి నున్నగా రుద్దాడు. ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడి దాటడానికి మధ్యలో రాసే పేస్టు బియ్యపుగింజంత పెట్టాడు. నాలుగు స్క్రూలు ఒకేసారి బిగించకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాడు. నాకంటే శుభ్రంగా చేశాడని ఇప్పుడు రాయగలను. అప్పుడు అనలేదు.

మిషన్ పంపే ముందు ఒక మాట అడిగాడు.

"అక్కా, గీయన ఇంట్ల మిషన్ ఎట్ల పెడ్తడో అడుగుదమా? నేనుండేది సుత యూసుఫ్‌గూడనే. వాన కొడితే ఇండ్లల్లకు నీళ్లొస్తయ్. జనం మిషన్లను ఏడ పడితే ఆడ కడ్తరు."

"ఎట్ల పెడ్తె ఏంది? అందరి లెక్కనే పెడ్తడు" అన్నాను.

మా దగ్గర ఏ మిషన్‌నైనా బల్ల మీద పడుకోబెట్టి, పక్క మూత తీసి, తెరిచిన వైపు పైకి ఉండేలా పెట్టి పరీక్షిస్తాం. అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఏ దుకాణానికి వెళ్ళినా ఇదే పద్ధతి. చేయి పెట్టడానికి వీలు కాబట్టి అందరం అలా చేస్తాం. ఇంకో రకంగా చేయవచ్చని ఎవరమూ అనుకోలేదు. బరువైన పని ఇచ్చి నాలుగు గంటలు నడిపాను. సప్పుడు లేదు. వేడి అరవై డిగ్రీలు దాటలేదు. రసీదు మీద 'ఓకే' రాసి సంతకం చేశాను.

తిరిగి రావడం

మూడో రోజు వెంకటేశం మిషన్ చంకన పెట్టుకుని వచ్చాడు. పెద్ద డిజైన్ పెట్టగానే పది పన్నెండు నిమిషాలకు ఆగిపోతోందన్నాడు. బల్ల మీద పెట్టి నాలుగు గంటలు నడిపాం, బాగానే నడిచింది. అయినా పేస్టు తీసి కొత్తది పెట్టి పంపాం. మళ్ళీ వచ్చాడు. ఫ్యాన్ మార్చాం, పవర్ సప్లై మార్చాం. బల్ల మీద బాగానే నడిచింది. మూడోసారి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి అందరికీ వినబడేలా అరిచాడు.

"మస్తు పరేషాన్ చేస్తున్నరు మీరు! పాతదే నయ్యముండె. గిర్నీ లెక్క అరిసినా నడిచేది. ఊర్ల మగ్గాలు ఖాళీగున్నయ్ నా డిజైన్ కోసం, తెలుసా మీకు?"

మా ఓనర్ ప్రసాద్ గారు గదిలోంచి బయటికి వచ్చారు. గుంటూరు వైపు మనిషి. చెడ్డవారు కాదు, కాని కౌంటర్ దగ్గర గొంతు లేస్తే ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు. వెంటనే ఎవరో ఒకరి మీద నేరం పెట్టేస్తే గాని కుదుటపడరు. చాలామంది ఓనర్లు ఇంతే.

"ఏంటి రాజమణి గారూ ఇది? ఎవరు బిగించారు దీన్ని?"

"యాదగిరి" అన్నాను.

అబద్ధం కాదు. కాని కూలర్ ఎంచింది నేను, కాళ్ళు చేసింది నేను, పరీక్షించి 'ఓకే' రాసింది నేను. ఇన్నింటిలో నా నోట వచ్చింది అతని పేరొక్కటే. ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు. నా బల్ల మీది పని తిరిగి రాదు కదా, వచ్చిందంటే అది నాది కాదన్న మాట.

"మూడుసార్లు తిరిగొచ్చిందంటే చేతిలోనే ఏదో లోపం ఉంది" అన్నారు ప్రసాద్ గారు. "యాదగిరీ, రేపట్నుంచి నువ్వు బల్ల దగ్గరికి వెళ్ళొద్దు. కౌంటర్లో కూర్చుని రసీదులు రాయి. ఇది నాలుగోసారి గనక వస్తే ఇంక పనికే రానక్కర్లేదు."

ఎనిమిది మంది పనివాళ్ళు, నలుగురు కస్టమర్లు వింటున్నారు. యాదగిరి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు.

"అక్కా, ఒక్కసారి వాళ్లింటికి పోయి చూస్త. మా గల్లీ పక్కనే."

మా సెంటర్లో పనివాళ్ళు కస్టమర్ల ఇళ్ళకు పోకూడదని గట్టి నియమం. పోతే సొంతంగా పని పట్టుకుంటున్నారని అనుమానం. నేను అడిగితే ప్రసాద్ గారు ఆ ఒక్కసారికి ఒప్పుకునేవారే. నేను అడగలేదు.

"బల్ల మీద తేలంది ఇంట్ల తేలుతదా?" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఈసారి అన్నీ నా చేత్తో చేశాను. యాదగిరి పెట్టిన పేస్టు తుడిచి నేను పెట్టాను, స్క్రూలు నేను బిగించాను. నాలుగు గంటలు కాదు, పొద్దున్నించి సాయంత్రం దాకా నడిపాను. ఇక రాదనుకున్నాను. అతన్ని కాపాడుతున్నానని కూడా నాకు నేను చెప్పుకున్నాను.

రెండు రోజులకు వెంకటేశం నా ఫోనుకే చేశాడు. గొంతులో కోపం లేదు, అలిసిపోయినట్టున్నాడు. "అక్కా, మళ్ల బంద్ అయింది. ఇగ నేను మోసుకరాను. మీ ప్రసాద్ సార్‌కే ఫోన్ చేసి చెప్త."

ఈసారి అది నా చేతి పని, అక్షరాలా నా చేతి పని. అయినా పనిలోంచి పోయేది మాత్రం యాదగిరి.

"ఆగు తమ్మీ. ఎవ్వలకు చెయ్యకు. నేనే వస్తున్న" అన్నాను. ప్రసాద్ గారిని అడగకుండానే, భోజనాల వేళ ఆటో ఎక్కాను.

సజ్జ కింద

యూసుఫ్‌గూడలో సన్న గల్లీ. కింది పోర్షన్, రెండు గదులు. గోడకు మోకాలెత్తున వాన నీళ్ళు నిలిచిన మరక ఇంకా ఉంది. బల్ల మీద తెర, కీబోర్డు కనిపించాయి. మిషన్ కనబడలేదు.

"మిషన్ ఏది?" అన్నాను.

వెంకటేశం నవ్వి వేలు పైకి చూపించాడు. గోడకు సామాన్లు పెట్టుకునే సజ్జ ఉంది కదా, దాని కింది వైపున రెండు ఇనుప పట్టీలు బిగించి, మిషన్ క్యాబినెట్‌ను అడ్డంగా పడుకోబెట్టి వేలాడదీశాడు. మూత తీసిన వైపు కిందికి ఉంది.

"పోయిన వానకాలం మోకాళ్ల దాక నీళ్లొచ్చినయ్ అక్కా. కింద పెడ్తె ఖతం. అందుకే మీదికెక్కిచ్చిన. తెరిచిన దిక్కు కిందికి పెడ్తె దుమ్ము పడదు. బ్రష్ సుత కిందికెళ్లే కొట్టచ్చు. ఎట్లుంది నా అకల్?"

నిజంగానే తెలివైన పని. దాన్ని చూసి వంక పెట్టాల్సిందేమీ లేదు. నేను స్టూలెక్కి లోపలికి చూశాను. మా బల్ల మీద రేకులు పైన, ప్రాసెసర్ కింద. ఇక్కడ ప్రాసెసర్ పైన, రేకులు కింద వేలాడుతున్నాయి.

"పెద్ద డిజైన్ పెట్టు" అన్నాను.

మొదట్లో రేకులు వెచ్చగానే ఉన్నాయి. కాసేపటికి చల్లబడటం మొదలైంది. పని ఆగలేదు, రేకులు మాత్రం చల్లబడుతున్నాయి. పది నిమిషాలకు రేకులు మంచినీళ్ళ కుండలా ఉన్నాయి. ప్రాసెసర్ దగ్గర పైపు మొదలును వేలితో తాకి చటుక్కున తీసేసుకున్నాను. చుర్రుమంది. ఇంకాసేపటికి మిషన్ ఆగిపోయింది.

స్టూలు మీదే నిలబడిపోయాను. నాకు అమ్మ రంగు గిన్నె కనబడింది. ఆవిరి కిందికి పోయి నీళ్ళయింది. ఆ నీళ్ళు పైకి ఎక్కితేనే గాని ప్రాసెసర్‌కు అందవు. నేను డబ్బాలోంచి ఏరిన కూలర్‌వి చవక రకం పైపులు, లోపల ఉత్త చారలవి. వాటిలో నీళ్ళు పాకేది బెత్తెడు. ఎక్కాల్సింది జానెడు. తేలిక పని ఉన్నప్పుడు ఎలాగో లాక్కొచ్చింది, బరువు పడగానే పైన ఎండిపోయింది. పాత అల్యూమినియం దిమ్మకు ఈ బాధ లేదు. అందులో నీళ్ళూ లేవు, ఎక్కడమూ లేదు, ఎటు తిప్పి పెట్టినా దిమ్మ దిమ్మే. ఆయన ఇంట్లో నడుస్తున్నదాన్ని తీసేసి, నడవనిదాన్ని పెట్టి, 'ఓకే' అని సంతకం చేసింది నేను.

"ఏమైందక్కా? మా ఇంటికి దిష్టి గిట్ల తగిలిందా?" అన్నాడు వెంకటేశం.

"నీ ఇంటికేం గాలే. నాకే అయింది" అన్నాను.

ఆయన మిషన్ ఏమైందని మీరు అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత అదే ఎత్తులో గోడకు నిలువుగా నిలబడేలా పట్టీలు మార్చాం. అప్పుడు పైపులు అడ్డంగా ఉంటాయి, నీళ్ళు ఎక్కాల్సిన పని లేదు. తెరిచిన వైపుకు దోమల జాలీ కట్టాం. ఆ పని యాదగిరే వాళ్ళ ఇంటికి వెళ్ళి చేశాడు, ప్రసాద్ గారు చెప్పి పంపగా. ఇప్పటికీ నడుస్తోంది. మీరు మాత్రం పాత కూలర్ పట్టించేటప్పుడు పైపులు ఏ రకమో ముందు తెలుసుకోండి. తెలియకపోతే చవక రకమే అనుకుని, రేకులు ప్రాసెసర్ కంటే కిందికి రాకుండా పెట్టండి.

కాని అదంతా తర్వాత. ఆ మధ్యాహ్నం నేను మిషన్‌ను విప్పించి, ఒళ్ళో పెట్టుకుని, ఆటోలో పంజాగుట్టకు వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. ప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి తలుపేసి చెబుదామా? అది నాకు సులువు. కాని యాదగిరిని అన్నది తలుపేసి కాదు కదా.

అందరి ముందు

యాదగిరి కౌంటర్లో రసీదు పుస్తకం ముందు కూర్చుని ఉన్నాడు. నా చేతుల్లో ఆ మిషన్ చూడగానే లేచి నిలబడ్డాడు. నాలుగోసారి వచ్చిందని అతనికి అర్థమైపోయింది. జేబులోంచి బైకు తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు.

నేను హాలు మధ్యలో నిలబడి ప్రసాద్ గారిని పిలిచాను. గట్టిగానే పిలిచాను. ఆయన వచ్చాక చెప్పాను.

"సార్, గీ మిషన్ల తప్పు యాదగిరిది గాదు, నాది. కూలర్ నేను ఎంచిన. టెస్ట్ నేను చేసిన. పోయినసారి బిగిచ్చింది సుత నేనే. వాళ్లింట్ల మిషన్ బోర్ల ఉంటది. బోర్లేస్తె గీ పైపులు పని చెయ్యవు. యాదగిరి మొదటి రోజే అడిగిండు, ఇంట్ల ఎట్ల పెడ్తరని. నేనే విన్లే."

ప్రసాద్ గారు నా మొహం చూసి నమ్మకం లేనట్టు నవ్వారు.

"అదేంటండీ, రాగి రాగే కదా! పైకి పెడితే ఒకలాగా, కిందకి పెడితే ఇంకోలాగానా? మీరు వాడి మీద జాలితో చెబుతున్నారు. మీ చేతి పని సంగతి నాకు తెలీదా?"

నా గొప్ప నాకే అడ్డం పడింది. ఇన్నేళ్ళు నేను చెప్పుకున్న మాటను ఆయన నమ్మారు, దాన్ని కాదంటే ఇప్పుడు నమ్మడం లేదు.

అప్పుడు యాదగిరి కదిలాడు. తాళం జేబులో వేసుకుని, నా చేతుల్లోంచి మిషన్ తీసుకుని నా బల్ల దగ్గరికి నడిచాడు. బల్ల మీద రెండు చిన్న స్టూళ్ళు ఎడంగా పెట్టి, క్యాబినెట్‌ను వాటి మీద బోర్లించాడు. తెరిచిన వైపు కిందికి. తీగలు తగిలించి, నేను రోజూ ఇచ్చే బరువు పనే ఇచ్చాడు. నాకు ఒక కుర్చీ లాగాడు.

"కూసో అక్కా."

కూర్చున్నాను. పనులు వదిలేసి అందరూ చుట్టూ చేరారు. తెర మీద వేడి అంకెలు మెల్లగా ఎక్కుతున్నాయి. అరవై దగ్గర చాలాసేపు నిలబడ్డాయి. మా బల్ల మీద ఎన్నడూ ఆగని మిషన్ ఇప్పుడు కూడా ఆగకపోతే? ఏడో నిమిషంలో ప్రసాద్ గారు గడియారం చూసుకుని "నడుస్తోంది కదయ్యా" అని గదిలోకి వెళ్ళబోయారు.

"జర ఆగుండ్రి సార్" అన్నాడు యాదగిరి. ఆయన్ని అలా ఆపడం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

ఎనిమిదో నిమిషంలో అంకెలు కదిలాయి. డెబ్భై. డెబ్భై ఎనిమిది. యాదగిరి ప్రసాద్ గారి చేయి పట్టుకుని కింద వేలాడుతున్న రేకులకు తాకించాడు. "సల్లగున్నయ్ గద సార్?" అన్నాడు. తొంభై. తొంభై ఆరు. పదకొండో నిమిషంలో తెర నల్లబడింది, ఫ్యాన్ ఆగింది. ముప్పై ఏళ్ళలో ఒక మిషన్ ఆగిపోయినందుకు నేను సంతోషపడింది ఆ ఒక్కసారే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ప్రసాద్ గారు చల్లటి రేకులను ఇంకోసారి తడిమి చూశారు. తర్వాత యాదగిరి భుజం మీద చేయి వేసి, "సరేనయ్యా. రేపట్నుంచి బల్ల మీదే కూర్చో" అన్నారు.

"రేపెందుకు సార్?" అన్నాడు యాదగిరి.

కౌంటర్ దగ్గరికి వెళ్ళి రసీదు పుస్తకం, పెన్ను తెచ్చాడు. రెండూ నా ఒళ్ళో పెట్టాడు. "జర గిది పట్టుకో అక్కా, గీ ఒక్క పూట" అన్నాడు. మాటలో ఎగతాళి లేదు, కోపం కూడా లేదు. నేను లేచి కుర్చీ ఖాళీ చేశాను. అతను అందులో కూర్చుని మిషన్ విప్పడం మొదలుపెట్టాడు.

నేను వెళ్ళి కౌంటర్లో కూర్చున్నాను. ఎదురుగా ఒకావిడ క్యాబినెట్ పట్టుకుని నిలబడి ఉంది. మిషన్‌కు ఏమైందో చెప్పబోయింది.

"అది తర్వాత జెప్పుదువు గని," అన్నాను, "ఇంట్ల దీన్ని ఎట్ల పెడ్తరమ్మా?"